పిట్ట ముట్టని మూలుగ బొక్క

మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఉన్న హోటళ్లలో నేను తినని కూర లేదు, నా కంటబడకుండా జరిగిన వింతా లేదు. శంకరన్న కూరల హోటల్లో యాదగిరికి జరిగింది కూడా నా రెండు కళ్లతో చూసిందే. ఒక్క మెతుకు అటూ ఇటూ కాకుండా చెబుతాను. నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి చెయ్యి కడుక్కోవచ్చు.

యాదగిరిది గౌడవెల్లి. భూముల ధరలకు రెక్కలొచ్చిన ఆ తొంభైల చివర్లో నాగలిని అటకెక్కించి, చంకలో రెగ్జిన్ సంచి, నడుముకు పేజరు పెట్టుకుని భూముల బేరాలకు తిరిగేవాడు. ఆ పేజరు మోగగా విన్నవాడు ఊళ్లో ఒక్కడూ లేడు. అయినా మాటిమాటికీ తీసి చూసుకుని "పరేషాన్ జేస్తున్నరు" అనేవాడు.

అతని తమ్ముడు శంకరయ్య పెళ్లిళ్లకు వంట చేసేవాడు. అతను వండిన మాంసం కూర కోసం పిలవని పెళ్లికి కూడా జనం పోయేవాళ్లు. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు శామీర్‌పేట రోడ్డు పక్కనున్న ముక్క పెద్దవాడికీ, దాని వెనక ముక్క చిన్నవాడికీ వచ్చింది. వెనక ముక్కలో హోటల్ పెట్టాలని శంకరయ్య కోరిక. దానికి అన్న భూమిలోంచి బండి పోయేంత తొవ్వ కావాలి. అడిగినప్పుడల్లా యాదగిరి "సూద్దాం తియ్యి" అనేవాడు. అలా చూస్తూండగానే పచ్చకామెర్లు వచ్చి శంకరయ్య పోయాడు.

మా వైపు చావు జరిగిన ఇంట్లో పిట్టకు పెడతారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో వడ్డించి, పొలం గట్టున పెట్టి అందరూ దూరంగా జరుగుతారు. కాకి వచ్చి ముడితే పోయినవాడు తృప్తిపడ్డట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని లెక్క. అది తీర్చగలిగినవాడు నోరు విప్పి తీరుస్తానని చెప్పాలి. అప్పటిదాకా ఇంట్లో ఎవరూ ఎంగిలిపడరు.

శంకరయ్యకు పెట్టిన రోజున కాకులు తుమ్మచెట్టు మీద వరసగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు. ఎండ నడినెత్తికొచ్చింది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. శంకరయ్య భార్య బాలమణి బావగారి వైపు చూసి తల దించుకుంది. ఏమనాలో యాదగిరికి తెలుసు. తొవ్వ ఇస్తానంటే రోడ్డు ముక్క రెండుగా చీలిపోతుంది. "మీరంతా గట్టు దిగి అటు జరగుండ్రి, మనుషుల్ని జూసి బెదురుతున్నయి" అని అందరినీ పంపేశాడు. వాళ్లు అటు తిరిగారో లేదో, విస్తరిలోంచి మూలుగ బొక్క, అదే మూలుగున్న ఎముక, తీసి తుమ్మ కంపలోకి విసిరేసి, "ముట్టింది! పిట్ట ముట్టింది!" అని కేకేశాడు. అందరూ సంతోషంగా భోజనాలకు కూర్చున్నారు. చెట్టు మీది కాకులు మాత్రం అతన్నే చూస్తూ ఉండిపోయాయి.

ఆ మూలుగ బొక్కకో కథ ఉంది. చిన్నప్పుడు ఇంట్లో కూర వండితే శంకరయ్య తన పళ్లెం వదిలేసి అన్న పళ్లెంలో చెయ్యి పెట్టేవాడు, మూలుగ బొక్క కోసం. తిట్టుకుంటూనే యాదగిరి ఆ బొక్కను ఓ పక్కకు జరిపి ఉంచేవాడు.

ఏడాది తిరక్కుండా బాలమణి ధైర్యం చేసి వెనక ముక్కలో రేకుల హోటల్ లేపింది. బోర్డు మీద మొగుడి పేరే రాయించింది. చెరువు గాలికి ఈగలు రాకుండా కిటికీలకు ఇనప జాలీ, వాకిలికి దానంతటదే మూసుకునే స్ప్రింగు తలుపు పెట్టించింది. జనం యాదగిరి భూమిలోంచి నడిచి వచ్చి తినిపోతున్నారు. అదే సమయంలో మచ్చ బొల్లారంలో ఉండే గోదావరి జిల్లాల కాంట్రాక్టరు బుల్లిబాబు రోడ్డు ముక్క మీద మనసుపడ్డాడు. కొన్న మర్నాడే చుట్టూ గోడ పెట్టిస్తానన్నాడు. గోడ లేస్తే హోటల్‌కు దారి మూసుకున్నట్టే.

"అన్నా, భూమి ఎనకనే కొత్త హోటలాయె. గాడనే తినుకుంట మాట్లాడుకుందాం. కడుపు నిండినంక మాటలు మంచిగొస్తయి," అన్నాడు బ్రోకరు భిక్షం. మరదలి ముందుకు పోవడానికి భయపడ్డాడనుకుంటారేమోనని యాదగిరి సరేనన్నాడు. భార్య ఇందిరమ్మను కూడా వెంటబెట్టుకున్నాడు.

అలా ఓ ఆదివారం మధ్యాహ్నం నలుగురూ వచ్చారు. ఒక బెంచీ మీద బుల్లిబాబు, భిక్షం. ఎదురు బెంచీ మీద ఇందిరమ్మ, యాదగిరి. యాదగిరికి అటుపక్క కొంత చోటు ఖాళీ.

"రా బావా. గిన్ని దినాలకు యాదికొచ్చినమా? అక్కా, మంచిగున్నవా?" అంటూ బాలమణి తానే వడ్డించింది. ఎందుకొచ్చారో ఆమెకు తెలుసు. అయినా నలుగురికీ ఒకే గంటెతో కూర వేసింది.

"ఆయ్, ఏం కూరండీ బాబూ! మాడు మీంచి చెమట కారిపోతందండీ," అన్నాడు బుల్లిబాబు లొట్టలేస్తూ.

యాదగిరి ముద్ద నోట్లో పెట్టి ఆగిపోయాడు. "బాలమణీ, నాకు నిన్నటి కూర బోసినవా ఏంది? సల్లగున్నది."

"అదేంది బావా! అందరికి ఒక్క గంటెతోనే ఏసిన గదా."

ఆ పళ్లెం తీసేసి, పొయ్యి మీది గిన్నె అలాగే పట్టుకొచ్చి కొత్త పళ్లెంలో వడ్డించింది. గంటెలో ఉన్నంతసేపూ పొగలు. పళ్లెంలో పడగానే ఎవరో అరచెయ్యి మూసినట్టు పొగ ఆగిపోయింది. మిగతా మూడు పళ్లాలూ సెగలు కక్కుతూనే ఉన్నాయి. ఇందిరమ్మ వేలు పెట్టి చూసి చటుక్కున లాక్కుంది.

"గిదేందయ్యా, బాయి నీళ్ల లెక్కున్నది."

"అన్న పళ్లెం కింద ఫ్రిజ్ బెట్టిండ్రేమో," అన్నాడు భిక్షం. ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే యాదగిరి పక్కన, ఎవరూ లేని ఆ ఖాళీ చోట, బెంచీ కిర్రుమని కొద్దిగా కిందికి దిగింది.

"కొత్త బెంచీ, పచ్చి కట్టె," అన్నాడు యాదగిరి. ఆకలిగా ఉన్నవాడిలా గబగబా అన్నం కలిపాడు. వేలికి ఏదో గుచ్చుకుంది. మెతుకులు పక్కకు నెట్టి చూస్తే మూలుగ బొక్క. ఎండి నల్లబడింది. దానికి ఎర్రమట్టి అంటుకుని ఉంది. నడుమ తెల్లటి తుమ్మముల్లు.

ఇందిరమ్మ బొక్కను చూసింది, మొగుణ్ని చూసింది. నెమ్మదిగా అడిగింది: "ఏమయ్యా, ఆనాడు పిట్ట ముట్టంగ నువ్వొక్కనివే జూసినవు గదా?"

యాదగిరి బొక్క మీదికి మెతుకులు జరపబోయాడు.

మరో గంటె వేయబోయిన బాలమణి ముల్లును చూసి కొయ్యబారిపోయింది. "నా వంటల ముల్లా? బావా, ఆయన పేరు మీద పెట్టిన హోటలు. నా మీద గింత మాట రావద్దు..."

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తప్పు తనదేనని నమ్మేసింది. చల్లటి అన్నం కంటే, పక్కన దిగిన బెంచీ కంటే అదే యాదగిరిని ఎక్కువ భయపెట్టింది.

"నీ వంటది గాదు బాలమణీ," అన్నాడు. "గది నేను ఇసిరేసిన బొక్క. ఆనాడు పిట్ట ముట్టలే. నేనే అబద్ధమాడిన."

బుల్లిబాబు ముద్ద గాల్లోనే ఆగింది. యాదగిరి ఖాళీ చోటు వైపు తిరిగాడు. చిన్నప్పటిలాగే బొక్కను పళ్లెం అంచుకు జరిపాడు.

"తమ్మీ, బండి వొయ్యేంత తొవ్వ నీ పెండ్లాం పేర రాసిస్త. అందరి ముంగట చెప్తున్న. ఇగ తిను."

ఎటునుంచి వచ్చిందో ఒక కాకి. బల్ల మీద వాలి, మెడ వంచి యాదగిరిని ఒక్కసారి చూసి, మూలుగ బొక్కను ముక్కున కరుచుకుని పోయింది. మరుక్షణం యాదగిరి పళ్లెంలోంచి గుప్పున పొగ లేచింది. అతను ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కళ్లల్లోంచి నీళ్లు కారుతుంటే "మస్తు కారమున్నది" అన్నాడు.

"మరి మన గోడ సంగతేంటండీ?" అన్నాడు బుల్లిబాబు కాసేపటికి.

"గోడ లేదు, గీడ లేదు. కూర ఏస్కో సార్, సల్లారిపోతది," అన్నాడు భిక్షం. బుల్లిబాబు వేసుకున్నాడు కూడా.

తొవ్వ రాసిచ్చిన మాట నిజం. ఇవాళ్టికీ ఆ తొవ్వలో లారీలు తిరుగుతున్నాయి.

ఇక నా సంగతి. రెండు కళ్లతో చూశానన్నాను కదా. ఆ ఆదివారం నేను అల్వాల్‌లో కూతురింట్లో ఉన్నాను, శుక్లం ఆపరేషనై కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని. రెండో కంటికి అప్పటికే ఆవూ బర్రే ఒకటే. తినని కూర లేదన్నది కూడా అంతే. పళ్లు ఊడిన దగ్గర్నుంచీ నాది పెరుగన్నం. ఇదంతా భిక్షం చెప్పగా విన్నది. అబద్ధం అల్లేంత తెలివి భిక్షానికి లేదు, అది నా సొత్తు.

నేను అల్లింది కూడా ఒక్కటే: కాకి. కిటికీలకు జాలీ, వాకిలికి స్ప్రింగు తలుపు ఉన్న హోటల్లోకి కాకి ఎట్లా వస్తుంది? భిక్షం చెప్పింది వేరు. "ఇగ తిను" అనగానే పళ్లెం అంచున బొక్క లేదట. ఎవరూ చెయ్యి పెట్టలేదట. కాసేపయ్యాక, ఎవరో తిని లేచినట్టు, బెంచీ ఆ చివర కిర్రుమని పైకి లేచిందట. అదంతా అట్లాగే చెబితే మీకు ముద్ద దిగదని, మధ్యలో ఓ కాకిని తోలుకొచ్చాను.