చొక్కా కుట్టే పాట

మా పెద్దాడపడుచు సంగీతం టీచరు. నా జోలపాట విని, "అమ్మాయ్, ఇలా పాడితే పసిదానికి జన్మలో శ్రుతి నిలబడదు" అంది. అసలే భయస్తురాలిని, చదువు మధ్యలో ఆగిపోయినదాన్ని. నిజమే కాబోలనుకుని నోరు కుట్టేసుకున్నాను.

అప్పట్నుంచి పాప నిద్రపోతే ఒట్టు. సాయంత్రానికి ఇవ్వాల్సిన చొక్కా మిషను మీద అలాగే పడి ఉంది.

"నేను పాడతానుండు" అని వదిన పాపను ఒళ్లో వేసుకుంది. ఎంత బాగా పాడిందంటే, పాప కళ్లింత చేసుకుని వినడమే గానీ రెప్ప వాలిస్తేనా. ఆపితే ఏడుపు. పాడీ పాడీ వదిన గొంతు బొంగురుపోయింది.

"ఇంక నా వల్ల కాదు తల్లీ. నీ కాకిగోలే కానియ్."

భయపడుతూనే మిషను తొక్కుతూ పాట ఎత్తుకున్నాను. "కాలరుకి అంచు, జేబుకి మడత, చేతికి పట్టీ, చిట్టితల్లికి నిద్ర." శ్రుతి ఊరవతల ఉంది, నేను ఇక్కడున్నాను.

జేబు దగ్గరికొచ్చేసరికి పాప ఆవలించింది. చొక్కా పూర్తయ్యేసరికి గుర్రు వినిపించింది. ఇంత చిన్న ముక్కుకి అంత గుర్రేమిటని హడలిపోయి వెనక్కి తిరిగాను.

పాప హాయిగా, నిశ్శబ్దంగా నిద్రపోతోంది. గుర్రు వదినది. అదీ శ్రుతిలో లేదు.