పిడిలో మిగిలిన అరచెయ్యి

నేను ఒక పిస్తోలును. ఆ మాట వినగానే కుర్చీ వెనక్కి జరుపుకోకండి. పుట్టి ఇన్నేళ్లయినా ప్రాణమున్న దేన్నీ నేను గాయపరచలేదు. నేను కాల్చినవన్నీ కాగితాలే. తెల్ల అట్ట మీద నల్లటి గుండ్రం, దాని నడుమ చిన్న వలయం, పాతిక మీటర్ల దూరంలో. అదే నా లోకం.

నా గొట్టం కొలతని బట్టి నన్ను ఇరవై రెండు అంటారు. ఒక గుండు పేలగానే నా పైతొడుగు వెనక్కి జరిగి, ఖాళీ గుల్లను బయటికి విసిరేసి, ముందుకొస్తూ రెండో గుండును తనే నోట్లో పెట్టుకుంటుంది. ట్రిగ్గర్ మాత్రం ప్రతిసారీ మనిషే నొక్కాలి. దీన్నే సెమీ ఆటోమేటిక్ అంటారు. సగానికి పైగా పని నాది, పేరు పూర్తిగా మనిషిది. ఇల్లాళ్లకి ఈ ఏర్పాటు గురించి విడమరిచి చెప్పనక్కర్లేదనుకుంటాను.

పుట్టింది ఇటలీలో. ఉక్కును కోసి, చెక్కి, నూనెలో ముంచి, నల్లరంగు పట్టించి, చివర్లో అక్రోటు చెక్కతో పిడి తొడిగారు. అక్కణ్ణించి కాకినాడకి చేరడం మేజర్ సోమసుందరంగారి చేతి మీదుగా జరిగింది. ఆయన చెయ్యి చేటంత. నా పిడిని తన చేతికి తగ్గట్టు ఆకురాయితో అరగదీసుకున్నారు. పతకాలు గెలిచినప్పుడు నా చెయ్యి అనేవారు, ఓడినప్పుడు ఈ దిక్కుమాలిన ట్రిగ్గర్ అనేవారు. కళ్లకి శుక్లాలొచ్చాక నన్ను సముద్రం ఒడ్డునున్న రైఫిల్ క్లబ్బుకి దానం చేసి, దానం చేశానని ఊరంతా చెప్పుకున్నారు.

క్లబ్బులో నా బతుకు అద్దె సైకిలు బతుకు. ఎవరొచ్చినా పట్టుకునేవారే, తుడిచేవారు లేరు. అలాంటి రోజుల్లో కుముదిని వచ్చింది.

కూతుర్ని కాలేజీ హాస్టల్లో దింపి వచ్చాక పగలంతా ఏం చెయ్యాలో తోచక, తోడికోడలు హైమవతి వెంట తమాషా చూడ్డానికి వచ్చింది. హైమ అంతకు ముందే క్లబ్బు సభ్యురాలు. మా శిక్షకుడు వీర్రాజు మాస్టారు నన్ను కుముదిని చేతిలో పెట్టి, "చెయ్యి చాపి అలా పట్టుకోండమ్మా, కాల్చక్కర్లేదు. ఎంతసేపు ఒణక్కుండా ఉంటుందో చూద్దాం," అన్నారు.

ఆ చెయ్యి ఒణకలేదు. ఇరవయ్యేళ్లు ఒంటిచేత్తో పులుసుగిన్నె దించిన మణికట్టు అది. కానీ మేజరుగారి చేటంత చేతికి చెక్కిన పిడిలో ఆమె అరచెయ్యి గంపలో నిమ్మకాయలా దొర్లింది. మాస్టారు ఆరితే కొయ్యలా బిగిసే చెక్కపిండి కలిపి, పిడి ఖాళీల్లో మెత్తి, తడిగా ఉండగానే ఆమెను గట్టిగా పట్టుకోమన్నారు. ఆరేదాకా ఆమె నన్ను వదల్లేదు. పిండి ఆరింది. బొటనవేలి కింది గుబ్బ, చిటికెనవేలి ఒంపు, పెళ్లినాటి ఉంగరం నొక్కు, అన్నీ నాలో అచ్చుపడిపోయాయి.

ఇక్కడే నా పతనం మొదలైంది. అంతవరకూ నేను వస్తువుని. ఆ రోజు నుంచీ ఆమె వస్తువుని.

రెండేళ్లు బాగా గడిచాయి. ఈలోగా హైమవతి పాయింట్ ముప్ఫై రెండు పిస్తోలు కొనుక్కుంది. పొడుగ్గా, నిగనిగలాడుతూ, పేలితే రేకుల కప్పు మీది పావురాలన్నీ లేచిపోయేటంత చప్పుడు. నేను పేలితే పావురాలు మెడ తిప్పి చూసి మళ్లీ ముక్కుతో పొడుచుకుంటాయి. నిజం చెప్పాలంటే, ఆ ముప్ఫై రెండుని చూసి నాకు ఒళ్లు మండింది. కానీ నాకంటే ఎక్కువ మండింది కుముదినికి.

ఆ ఏడు దసరా మర్నాడు క్లబ్బులో ఎంపిక పోటీ. రాష్ట్రపోటీకి వెళ్లే జట్టులో ఒక్క స్థానమే మిగిలింది. దాని కోసం బరిలో ఉన్నది తోడికోడళ్లిద్దరే. ఏ కొలత పిస్తోలుతోనైనా కాల్చుకోవచ్చని క్లబ్బు వాళ్ల నిబంధన.

ఒకనాటి సాయంత్రం క్లబ్బు వరండాలో వాళ్లిద్దరూ, మాస్టారూ టీలు తాగుతూ కూచున్నారు. నేను బల్ల మీద తెరిచిన పెట్టెలో ఉన్నాను. కుముదిని భర్త విశ్వపతి రంగురంగుల పుస్తకంలో పిస్తోళ్ల బొమ్మలు చూస్తూ, చీరల దుకాణంలో కూచున్న మొగుడిలా ఆవులిస్తున్నాడు.

"ఏవండీ, నాకూ ముప్ఫై రెండే కావాలి," అంది కుముదిని.

"ఇప్పుడున్నదానికేమైంది కుముదా?"

"అది క్లబ్బుది. పైగా ముసలిది."

ముసలిది! పెట్టెలో నా స్ప్రింగు బిగుసుకుంది.

హైమ బిస్కెట్టు విరుస్తూ, "ఇరవై రెండు పాపం మంచిదే అక్కా, నేర్చుకునేవాళ్లకి," అంది. "కానీ గుండు సన్నం కదా, రంధ్రమూ సన్నమే. ముప్ఫై రెండైతే రంధ్రం పెద్దది. దాని అంచు వలయం గీతకి తగిలిందంటే చాలు, పై మార్కు మనదే."

"గీత దగ్గరదాకా వెళ్తే కదమ్మా ఆ లాభం," అన్నారు వీర్రాజు మాస్టారు. "ముప్ఫై రెండు ఎగిరి తంతుంది. పేలాక గొట్టం పైకి లేస్తుంది, మళ్లీ గురిలోకి దింపుకునేసరికి టైమైపోతుంది. ఇరవై రెండు అలా కాదు, పేలినా ఉన్నచోటే ఉంటుంది. కుముదమ్మగారి చేతికి అదే..."

"అంటే నా చెయ్యి చిన్నదనా మాస్టారూ?"

"అబ్బే, నేనలా అన్లేదండీ." మాస్టారు టీగ్లాసులోకి చూసుకున్నారు. పెళ్లయిన మనిషి, ఎక్కడ ఆగాలో తెలుసు.

"అసలు ఆ రెండింటికీ తేడా ఏంటి మాస్టారూ, నాకర్థమయ్యేలా చెప్పండి," అన్నాడు విశ్వపతి.

"ఒకటి హైమ దగ్గరుంది, ఒకటి లేదు," అంది కుముదిని. "కొనండి."

మనుషులు వస్తువుల్ని ఇలా ఎంచుకుంటారు. బరువు, పట్టు, గురి, ట్రిగ్గర్ మెత్తదనం అని గంటసేపు మాట్లాడతారు. చివరికి పక్కింటి గోడ మీంచి తొంగిచూసి తేల్చుకుంటారు.

దసరాకి పది రోజుల ముందు కొత్త ముప్ఫై రెండు వచ్చింది. హైమ దానికంటే ఒక వేలెడు పొడవు. నన్ను అలమారలో పెట్టేముందు కుముదిని ఒక్కసారైనా చేత్తో నిమురుతుందనుకున్నాను. నా మీద తన కళ్లజోడు గుడ్డ ఆరేసి వెళ్లిపోయింది.

మహర్నవమి నాడు క్లబ్బులో ఆయుధపూజ చేస్తారు. బల్ల మీద ఎర్రగుడ్డ పరిచి, అమ్మవారి పటం ముందు తుపాకులన్నీ ఖాళీగా, నోరు తెరిపించి, వరసగా పేరుస్తారు. గంధం, కుంకుమ, బంతిపూలు. ఆ రోజు పెట్టిన బొట్టు దశమి వెళ్లేదాకా తుడవకూడదని మావాళ్ల పట్టింపు. అందుకని మాస్టారు ఏటా ఒకటే మాట చెబుతారు: "చెక్క మీద పెట్టండమ్మా, ఇనుం మీద వద్దు."

హైమ తన పిస్తోలు పిడి మీద కందిగింజంత బొట్టు పెట్టింది. ఆమె దేనికైనా పొదుపరి. కుముదిని అది చూసింది. చూసి, వెండి గిన్నెలో రోజ్‌వాటరు పోసి గంధం జారుగా కలిపి, కొత్త ముప్ఫై రెండుకి పెళ్లికూతురికి పూసినట్టు పూసింది. పిడికి, గొట్టానికి, పైతొడుగుకి, గురిచూసే చీలికకి. దాని మీద రూపాయి బిళ్లంత కుంకుమ. పైన దండ.

"అక్కా, అది పిస్తోలా, పెళ్లిపీటా?" అంది హైమ.

"నా దానికి నేను చేసుకుంటాను," అంది కుముదిని.

బల్ల చివర నేనున్నాను. నాకు వాచ్‌మన్ భార్య బొట్టు పెట్టబోతే కుంకుమ అయిపోయింది. అమ్మవారి ఎదుట అబద్ధమాడలేను, ఆ నిమిషంలో నేను కోరుకున్నది లోకకల్యాణం కాదు. ఆ దండలో చీమలుండాలని కోరుకున్నాను.

ఏకాదశి పొద్దున పోటీ. కుముదిని ముప్ఫై రెండుని బయటికి తీసి పైపైన తడిగుడ్డతో తుడిచింది. పైకి మెరిసింది. లోపలికి కారిన గంధం మాత్రం రెండు రోజులు ఆరి, పైతొడుగు జారే గాడిలో సున్నంలా గట్టిపడి కూచుంది.

మొదటి గుండు బాగానే పేలింది. పైతొడుగు వెనక్కి వెళ్లింది. తిరిగి సగందాకా వచ్చి ఆగిపోయింది. కుముదిని లాగింది, తోసింది. మాస్టారొచ్చి ఖాళీ చేసి చూస్తే లోపల్నుంచి గంధం పెచ్చులు రాలాయి. ఇనుం మీద వద్దన్నాను కదా అని ఆయన అనలేదు. వాసన చూసి, "మంచి గంధమేనండి," అన్నారంతే.

పక్క వరసలో హైమ పెదాలు బిగబట్టి నవ్వాపుకుంటోంది. కుముదిని మొహంలో నెత్తురు లేదు. రెండేళ్ల శ్రమ, జట్టులో చోటు, ఇంటికెళ్లాక జన్మంతా వినాల్సిన ఎత్తిపొడుపు, అన్నీ ఆ సగంలో ఇరుక్కుపోయాయి.

"పిస్తోలు మొరాయిస్తే ఇంకోటి తీసుకోవచ్చమ్మా, రూలుంది," అన్నారు మాస్టారు.

అలమార తలుపు తెరుచుకుంది. నేను అలిగే ఉన్నాను. బిగుసుకుపోదామనే అనుకున్నాను, ఒట్టు. కానీ ఆమె అరచెయ్యి పిడిలోకి దిగింది. గుబ్బ గుబ్బలోకి, ఒంపు ఒంపులోకి, ఉంగరం తన నొక్కులోకి. ఆ చెయ్యి చెమటతో తడిసి, మొదటిసారి ఒణుకుతోంది. అలుగుదామంటే నా వల్ల కాలేదు.

కాల్చాం. పేలినప్పుడల్లా నేను ఉన్నచోటే ఉన్నాను. ఆమె ఊపిరి మెల్లగా దారికొచ్చింది. మూడో విడత గుళ్లకి ఒణుకు పోయింది. హైమ పిస్తోలు ఎగిరెగిరి పడుతూ పెద్దపెద్ద రంధ్రాలు చేస్తోంది. కొన్ని గీతకి తగిలాయి, కొన్ని గీతలుండే ఊరికే వెళ్లలేదు. ఆఖరి గుండు మిగిలేసరికి ఇద్దరి మార్కులూ ఒక్కటే.

హైమ ఆఖరిది తొమ్మిది. మాది పదికీ తొమ్మిదికీ మధ్య గీత మీద పడ్డట్టుంది. మాస్టారు భూతద్దం తీసి అట్ట మీదికి వంగారు. విశ్వపతి సైతం ఆవులింత ఆపాడు.

"సన్న రంధ్రమండీ," అన్నారు మాస్టారు. ఇంకా వంగారు. "అయినా తాకింది. పది."

కుముదిని నన్ను కిందపెట్టి, పైట చెంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత అదే చెంగుతో నన్ను తుడిచింది. నా జన్మకి ఇది చాలనుకున్నాను.

చాలదని నెల తిరక్కుండానే తెలిసింది. "ఇరవై రెండులో ఉన్న సుఖం దేన్లోనూ లేదక్కా," అంటూ హైమ కొత్త ఇరవై రెండుకి చెప్పేసింది. అది వినీ కుముదిని ఊరుకుంటుందా? తనూ ఒకటి తెప్పించుకుంది. రెండూ నా కొలతే, నా తీరే, నాకు మనవరాళ్ల వయసు. పిడిని చేతికి తగ్గట్టు తిప్పుకోవడానికి మరలున్నాయట వాటికి. చెక్కపిండి అక్కర్లేదట. నేను గెలిచి నిరూపించింది నా కొలత గొప్పదనం. దాని ఫలం ఆ కొలతలో పుట్టిన పడుచువాళ్లకి దక్కింది.

నన్ను కొత్తగా చేరేవాళ్లకి పట్టు నేర్పడానికి ఉంచారు. ఎవరి చెయ్యీ నాలో సరిగా ఇమడదు. పిండి గీకేసి నున్నగా చేస్తామని కమిటీలో అన్నారు. చేసుకోండి అనుకున్నాను.

మళ్లీ ఏడు ఆయుధపూజ వచ్చింది. ఎర్రగుడ్డ, బంతిపూలు. నేను మళ్లీ బల్ల చివరే. హైమ బొట్లు పెట్టుకుంటూ నా దగ్గరికొచ్చి, ఏం తోచిందో, నన్ను చేతిలోకి తీసుకుంది. చెయ్యి చాపింది. ఆశ్చర్యంగా నా వైపు చూసింది. వాళ్లిద్దరి అరచేతులూ దాదాపు ఒకటే కొలతని ఒకే ఇంట్లో ఒకే గాజుల జత మార్చుకునేవాళ్లకి నేను చెప్పాలా?

"అక్కా, ఇది నా చేతికి భలే కుదిరిందే!" అంది హైమ. "మాస్టారూ, ఈ ముసలిదాన్ని ఈసారి నేను వాడుకుంటా."

బల్ల అవతల కుముదిని చేతిలో గంధం గిన్నె ఆగిపోయింది. ఆ మొహం నాకు కొత్త కాదు. ఏడాదిపాటు అలమార గాజుతలుపులో నన్ను నేను చూసుకున్న మొహమే అది.

"హైమా, అక్కడ పెట్టు. అది నాది."

"అదేంటక్కా, క్లబ్బుది కదా?"

"క్లబ్బుదే," అంది కుముదిని. "కానీ నాది."

గబగబా వచ్చి నన్ను లాక్కుని, చీర కుచ్చెళ్లకేసి ఒకసారి తుడిచి, పిడి మీద బొట్టు పెట్టింది. చెక్క మీదే. ఇనుం మీద కాదు.

ఇప్పుడు అలమారలో పై అరలో ఉంటున్నాను. పిండి గీకే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పోటీల్లేవు, కాగితాల్లేవు. కొత్త పిల్లలిద్దరూ కింది అరలో నిగనిగలాడుతుంటారు. వాళ్లని చూసి ఒళ్లు మండటం తగ్గిందా అంటే, లేదు. కాకపోతే వారానికోసారి హైమ అలమార ముందాగి నా వైపు చూస్తుంది. ఆ వెనకాలే ఎక్కణ్ణుంచో కుముదిని దగ్గు వినిపిస్తుంది. ఆ దగ్గు వినడం కోసమే, స్ప్రింగు తుప్పు పట్టకుండా చూసుకుంటున్నాను.