అలా దొరికిన ఏడుపు

మా అక్క తీసిన దెయ్యం సినిమాలో దెయ్యం ఎక్కడా కనబడదు. తల్లి ఆఖరిసారి చేసిన ఫోన్ ఎత్తని కూతురు ఒకతె, మూసిన స్నానాలగది తలుపు ఒకటి, అంతే. తలుపు వెనక ఉన్నది తల్లి కాదు, కూతురు చేసిన తప్పు. ఆ సంగతి ఎవరూ నోరు విప్పి చెప్పరు. కెమెరా గడియ మీద ఎంతసేపు ఆగుతుందంటే, చూసేవాళ్లే గుటక మింగుతారు.

దానికి చప్పుళ్లు చేసింది నేను. తెర మీద ఎవరు నడిచినా, ఏ గిన్నె కదిలినా, స్టూడియోలో ఆ శబ్దం పుట్టించడమే నా వృత్తి.

నిన్న మధ్యాహ్నం శబ్దాలన్నీ కలిపిన కాపీని ఇద్దరమే కూర్చుని చూశాం. గొప్పలు చెప్పుకోకూడదు గానీ, నేను చేసిన అడుగుల చప్పుడుకు నాకే ఒళ్లు జలదరించింది. చివర్లో తలుపు వెనక ఏడుపు మొదలైంది. అది నేను చేసింది కాదు. అందులో నటన ఇసుమంతైనా లేదు. ఊపిరందక తెగిపోతోంది, సిగ్గు లేకుండా ముక్కు చీదుతోంది.

"అక్కా, సినిమాకి ఇదే ప్రాణం! ఎవరా అమ్మాయి? దండం పెట్టాలి."

"అదలా దొరికిందిలే," అంది అక్క, తెర మీంచి చూపు తిప్పకుండా.

అంతలో ఏడుపు మధ్య ఒక మాట వినబడింది. "బండి తాళం... నా బండి తాళం ఏదీ?"

ఏడు నెలల క్రితం, ఈ సినిమా పనిలో ఉండగానే, అమ్మ పోయిందని ఫోన్ వచ్చింది. తాళం చేతిలోనే పెట్టుకుని స్టూడియో అంతా వెతుకుతూ ఏడ్చాను. అక్క వచ్చి నన్ను పొదువుకుంది. అది తలుచుకునే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను.

"అది నేనే కదా!" అన్నాను.

అక్క బుకాయించలేదు. "ఆ రోజు మైకు ఆపడం మర్చిపోయానే. తర్వాత విన్నాను, చెరపడానికి చెయ్యి రాలేదు. ఎంతమందిచేత ఏడిపించి చూశానో! ఒక్కరికీ అలా రాలేదు."

"తీసెయ్."

"ఇప్పుడేగా ప్రాణమన్నావు?"

నిజమే, అది తీసేస్తే సినిమా చప్పబడిపోతుంది. అమ్మ పోయిన రోజు ఎవరికి మతి ఉంటుంది, మర్చిపోయే ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఉంచెయ్యమని చెప్పేముందు, కత్తిరించని రికార్డింగ్ ఒక్కసారి వినిపించమన్నాను.

"ఇప్పుడెందుకే?" అంది. నేనే మీట నొక్కాను.

ఫోన్ మోగింది. తర్వాత నా కేక. ఏడుపు గది మూల నుంచి, దూరంగా వినిపిస్తోంది. రికార్డింగ్‌లో కుర్చీ కిర్రుమంది, అక్క లేచింది. ఆమె నడక నాకు కొట్టిన పిండి. నాలుగు అడుగులు వేసి ఆగింది. మైకు స్టాండు నేల మీద గీరుకుంటూ జరిగింది. నా ఏడుపు ఒక్కసారిగా దగ్గరైంది, ఊపిరితో సహా.

ఆ తర్వాత మళ్లీ అడుగులు. అప్పుడొచ్చి నన్ను పొదువుకుంది.