భోజనాల దగ్గర అడిగిన ప్రశ్న

దగ్గినా తుమ్మినా మూత్రం జారే ఆడవాళ్ళకి మా నారిన్ ఊళ్ళో మూత్రనాళం కింద టేపు వేసే ఆపరేషన్ మొదలెట్టింది తెమిర్కుల్ డాక్టరే. ఆయన దగ్గర నర్సుగా ఆ గొప్పలు విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి. ఆపరేషనైన ఏడాదికి అందరూ బాగానే ఉంటారు. పదేళ్ళకి ఎలా ఉన్నారో కనుక్కోమని రాజధాని బిష్కెక్ నుంచి కాగితాలొచ్చాయి. మళ్ళీ జారుతోందని రాస్తే అక్కడ ఉచితంగా వైద్యం చేస్తారు.

మా మహానుభావుడు ఆడవాళ్ళని ఆసుపత్రికి పిలవలేదు. నన్ను వెంటేసుకుని ఇళ్ళకే బయల్దేరాడు, సరిగ్గా భోజనాల వేళకి. పదేళ్ళ కింద ఆపరేషనైన సెయిల్కన్ అక్క ఇంట్లో ఆయన కోసం గొర్రెని కోశారు.

"ఏమ్మా, అంతా బాగేనా?" అన్నాడు, నోట్లో ముక్క నములుతూనే.

"దేవుడి దయ, బాగానే ఉన్నాను" అంది అక్క, చాయ్ పోస్తూ, తల దించుకుని.

"నయమైంది" అని రాసేశాడు.

ఎదురుగా ఇంటి మగవాళ్ళతో పాటు ఆమె మొగుడూ, మొగుడి అన్న అయిన బావగారూ కూర్చున్నారు. మా కిర్గిజ్ కోడళ్ళు అత్తింటి మగవాళ్ళ పేర్లే పలకరు. ముప్పై ఏళ్ళుగా బావగారి పేరు కూడా ఎత్తని మనిషి, ఆయన ముందు మూత్రం మాట ఎత్తుతుందా? డాక్టరూ కిర్గిజ్ తల్లి కన్న బిడ్డే. తెలియక అడిగాడంటే నేను నమ్మను. తిరిగిన ప్రతి ఇంట్లోనూ ఇదే వరస, అందరికీ నయమే. ఆ మొహం చూస్తేనే నాకు అసహ్యం వేసింది.

వంటింట్లో అక్కని నిలదీశాను.

"నాలుగేళ్ళ నించి తడుస్తూనే ఉంది, బురుల్" అంది. "నమాజు చేద్దామంటే బట్టలు మార్చుకోడమే సరిపోతోంది. పెళ్ళిళ్ళకి పోవడం మానేశా."

"మరి చెప్పవేం?"

"బావగారి ముందా? చస్తే చెప్పను. డాక్టరుని కాస్త పక్కకి పిలవరాదూ?"

"పిలిచా. నీ పని చూసుకోమన్నాడు. ఆ కాగితం రేపు బిష్కెక్ పోతుంది అక్కా. అందులో నయమైందని ఉన్నవాళ్ళ మొహం ఇంకెవరూ చూడరు."

అక్క చేతులు తుడుచుకుని గదిలోకి నడిచింది.

"డాక్టరు గారూ, అబద్ధం చెప్పాను. మీరు వేసింది ఆరేళ్ళే పనిచేసింది. ఇప్పుడు దగ్గితే తడిసిపోతున్నా. అది రాయండి."

డాక్టరు నవ్వాడు. "వయసు మీద పడుతోంది కదమ్మా. దానికి నా ఆపరేషన్ ఏం చేస్తుంది?"

బావగారు చేతిలో కత్తి పళ్ళెంలో పెట్టాడు. మరదలి వైపు చూడలేదు, డాక్టరునే చూశాడు.

"ఈ అమ్మాయి నా ముందు ఇలా గొంతు విప్పడం ఇదే మొదలు. ఊరికే విప్పలేదు. రాసింది కొట్టెయ్ డాక్టరూ" అన్నాడు. తమ్ముడి భుజం తట్టి, "లేవండిరా, మనం బయట కూర్చుందాం. డాక్టరు ఇంకా అడగాల్సినవి ఉన్నాయి" అన్నాడు.

మగవాళ్ళందరూ తింటున్న పళ్ళేలు వదిలేసి బయటికెళ్ళారు. ఆ కాగితంలో పదిహేడు ప్రశ్నలున్నాయి. డాక్టరు ఒక్కటీ ఎప్పుడూ చదివిన పాపాన పోలేదు. నేను పక్కనే నిలబడి పదిహేడూ చదివించాను.