కొలంబస్ ఓడ దిగాక

నా భార్య సుల్తాన్ బీ చావుకు కారణం నా తమ్ముడు షఫీ. ఇది నా అనుమానం కాదు. జరిగింది ఇదే. కాదనేవాళ్ళు ఆ రోజు అక్కడ లేరు.

ఆ షఫీ నిన్న మధ్యాహ్నం రేపల్లెలో నా ఇంటికి వచ్చాడు. వచ్చే వారం హజ్ యాత్రకు బయలుదేరుతున్నాడు. మాలో ఆ యాత్రకు వెళ్ళేవాడు ముందుగా అందరి ఇళ్ళకూ తిరిగి, తెలిసీ తెలియక చేసిన తప్పులు మన్నించమని అడగాలి. మనిషికి చేసిన తప్పును ఆ మనిషే మన్నించాలి, దాన్ని మక్కాలో కడుక్కోవడం కుదరదు. తెనాలిలోనూ బాపట్లలోనూ అందరూ మన్నించారట. నేనొక్కణ్ణే మిగిలాను.

వాడికి నేనేం చెప్పానో తర్వాత. ముందు పార్కు సంగతి చెప్పాలి.

బాపట్ల దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో కిందటేడు కొత్తగా ఒక పార్కు పెట్టారు. నా కూతురు సుమయాను బాపట్లలో ఇచ్చాను. దానికి ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది ఖతీజా, ఎనిమిదేళ్ళది. దసరా సెలవుల్లో పార్కుకు తీసుకెళ్ళమని పిల్లలు పోరు పెట్టారు. రంజాన్ పండుగ అయి వారం. షఫీ వెంటనే సరేనన్నాడు.

వాడికి ఇలాంటివంటే ముందు నుంచీ సరదా. పెనుమూడి బడిలో ఇద్దరం ఏడో తరగతి దాకా చదివాం. అక్కడ నేర్చిన లెక్కలతో నేను రేపల్లెలో సైకిల్ షాపు పెట్టాను. అక్కడ నేర్చిన కబుర్లతో వాడు తెనాలిలో గాజుల కొట్టు పెట్టాడు.

అప్పటికే వాడొకసారి పార్కు చూసి వచ్చాడు. ఏం చేయాలో, ఏం చేయకూడదో కాగితం మీద రాసుకున్నాడు. గేటు తీసే వేళకు అరగంట ముందే ఉండాలి. అందరూ గేటు పక్కనున్న రంగులరాట్నం దగ్గరే ఆగిపోతారు కాబట్టి మనం నేరుగా చివరికి, కొలంబస్ ఓడ దగ్గరికి పోవాలి. ఓడలో కొసన కూర్చుంటే ఊపు ఎక్కువ, పిల్లల్ని మధ్యలో కూర్చోబెట్టాలి. తిన్న వెంటనే ఓడగానీ, గిరగిరా తిరిగే బ్రేక్ డాన్స్ గానీ ఎక్కకూడదు. నీళ్ళాటలు మూడు దాటాకే, అంతకుముందు సిమెంటు గచ్చు కాళ్ళు కాలుస్తుంది. లోపల మొక్కజొన్న పొత్తులు బాగుంటాయి, పులిహోర బాగుండదు. పీచుమిఠాయి ఇంటికి వచ్చేటప్పుడే కొనాలి. ముందే కొంటే చేతులు జిగురై కడ్డీ పట్టు దొరకదు.

ఆ కాగితంలో తప్పేమీ లేదు. షాపుకు గాలి కొట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు పార్కు గురించి అడిగితే ఇప్పటికీ నేను అవే చెప్తాను. ఒకటి మాత్రం కలుపుతాను. మీలో ఎవరు తినలేదో చూసుకోండి అంటాను. వాళ్ళు తలూపి వెళ్తారు.

సుల్తాన్ బీకి ఆరేళ్ళుగా షుగరు. మాత్రలు వేసుకుంటూ ఉపవాసం ఉండకూడదని డాక్టరు చెప్పాడు. ఆ రంజాన్‌లో చెప్పినా వినకుండా ఉపవాసాలు మొదలుపెట్టింది. మొదటి పది రోజులూ నోటితో చెప్పాను. పదకొండో రోజు సుమయా, అల్లుడు ఇమ్తియాజ్ సాయంత్రం మా ఇంట్లో ఉపవాసం విడవడానికి వచ్చారు. పొద్దు ఇంకా గంటన్నర ఉంది. పళ్ళు కోస్తుంటే సుల్తాన్ బీ చేతులు వణకడం చూశాను. అందరి మధ్యకూ పిలిచి, అరటిపండు వలిచి నోటికి అందించాను.

"ఇంకొక్క గంటన్నరే కదండీ" అంది.

"గంటన్నరకి నువ్వుండవు. తిను."

అల్లుడు తల దించుకున్నాడు. ఆమె తింది. ఏడుస్తూ తింది. ఆ మర్నాటి నుంచి పండుగ దాకా రోజూ పొద్దున నా ఎదురుగా కూర్చోబెట్టి తినిపించాకే షాపుకు వెళ్ళాను. నేను చేసింది సరైన పని. ఈ రోజుకీ అదే మాట.

పార్కు ప్రయాణం ఆదివారం. శనివారం సాయంత్రం మేమిద్దరం రేపల్లె నుంచి పాసింజరెక్కి తెనాలిలో షఫీ ఇంటికి చేరాం. పొద్దున బ్రహ్మయ్య అనే ఆయన జీపులో షఫీ, వాడి భార్య, మేము బయలుదేరాం. బాపట్లలో సుమయాను, పిల్లలను ఎక్కించుకున్నాం. సుల్తాన్ బీ పలావు, దాల్చా చేసి తెచ్చింది. బయటి తిండి లోపలికి రానివ్వరని షఫీ కాగితంలో ముందే ఉంది కాబట్టి గిన్నెలు జీపులోనే ఉంచాం.

పొద్దున షఫీ చెప్పినట్టే జరిగింది. ఓడ దగ్గర వరసే లేదు. పిల్లలు మూడుసార్లు ఎక్కారు. తర్వాత డాషింగ్ కార్లలో ఖతీజా వచ్చి వచ్చి షఫీ కారునే గుద్దింది. వాడు నడుం పట్టుకుని అరుస్తుంటే సుల్తాన్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె అలా నవ్వడం చూసి చాలా రోజులైంది.

పన్నెండున్నరకు బయటికి వచ్చి జీపు నీడన చాప వేసుకుని తిన్నాం. ఆమే వడ్డించింది. మా ఇళ్ళలో వడ్డించే ఆడమనిషి చివర్న తింటుంది. ఆమె ఎప్పుడు తిన్నదో ఎవరూ చూడరు.

"నువ్వు కూర్చోలేదేం?" అన్నాను చేతులు కడుక్కుంటూ.

"నా సంగతి నేను చూసుకుంటాలెండి. మీరు నీడలోకి జరగండి" అంది.

తిన్నానని మాత్రం అనలేదు. ఉపవాసంలో ఉండి అబద్ధమాడే మనిషి కాదు. అది నాకు అప్పుడు తట్టలేదు.

మళ్ళీ లోపలికి వెళ్ళగానే ఖతీజా ఓడ అంది.

"ఇప్పుడే తిన్నావు, కక్కుతావు. కాసేపాగు" అన్నాడు షఫీ.

"నానీ తినలేదుగా. నానీ ఎక్కొచ్చు. నానీ ఎక్కితే నేనూ ఎక్కుతా." నానీ అంటే దాని అమ్మమ్మ, సుల్తాన్ బీ.

మేమందరం విన్నాం. షఫీ దాని జడ పట్టి లాగి, "మీ నానీ మనందరికన్నా ముందే తినేసిందిలేవే" అని నవ్వాడు. మేమూ నవ్వాం. వాడు అన్నది నిజమేనని రెండు గంటల తర్వాత తెలిసింది. తెల్లవారకముందే తింది. మాత్ర కూడా వేసుకుంది. షఫీ మంచినీళ్ళకని లేచి, వంటింట్లో ఆమెను చూశాడు. నాకు చెప్పనని ఆమెకు మాటిచ్చాడు.

గంట ఆగి సుల్తాన్ బీ పిల్లలతో ఓడెక్కింది. ఓడ పైకి లేచినప్పుడల్లా ఆమె ఖతీజా మెడ పట్టుకుని కళ్ళు మూసుకుంది. దిగాక పది అడుగులు నడిచి సిమెంటు బల్ల మీద కూర్చుంది. జాకెట్టు తడిసిపోయేటంత చెమట.

"ఓడ ఊపుకి కళ్ళు తిరిగాయి. పొద్దున నాకూ అంతేగా" అంది షఫీ భార్య.

"రైలొచ్చేసింది, పిల్లల్ని ఎక్కించండి" అంది సుల్తాన్ బీ. పిల్లలు కిసకిసలాడారు. ఆమె ఆట పట్టిస్తోందనుకున్నాం.

అక్కడ సోడాలమ్మే ఆవిడ చూసి, నిమ్మకాయ, పంచదార కలిపిన సోడా తెచ్చింది. "ఇది తాపండి బాబాయ్, మనిషి తేలిపోతోంది" అంది నాతో. సుల్తాన్ బీ పెదాలు బిగించి మొహం పక్కకు తిప్పుకుంది. షఫీ ఆ గ్లాసును చేత్తో పక్కకు జరిపాడు.

"వద్దమ్మా, వాంతి అవుద్ది. కాస్త గాలాడితే సర్దుకుంటుంది" అన్నాడు.

నేను తువ్వాలుతో విసురుతూ కూర్చున్నాను. సోడా బల్ల మీదే ఉంది. పొంగు పోయి ఊరక నీళ్ళలా అయింది. అరగంటకు ఆమె చెయ్యి నా మోకాలి మీంచి జారింది. పిలిస్తే పలకలేదు.

అప్పుడు చెప్పాడు వాడు. "భయ్యా, వదిన ఉపవాసం ఉంది." రంజాన్‌లో విడిచిన ఉపవాసాలను మాలో పండుగ అయ్యాక విడిగా ఉండి తీర్చుకుంటారు.

సోడా నోట్లో పోస్తే బయటికి వచ్చేసింది. బ్రహ్మయ్య జీపును బాపట్ల ఆసుపత్రికి తోలాడు. ఎప్పుడు తిన్నదని డాక్టరు అడిగాడు. తెల్లవారుజామున నాలుగున్నరకని షఫీ చెప్పాడు. చెప్పింది వాడైనా డాక్టరు నా వైపు చూశాడు. ముందే కాస్త పంచదార నీళ్ళు పడి ఉంటే బాగుండేదన్నాడు. సూదిమందు ఇచ్చారు, సీసాలు ఎక్కించారు. ఆమె కళ్ళు తెరవలేదు. సోమవారం మధ్యాహ్నం పోయింది. రేపల్లెలో మట్టి చేశాం.

ఆ రోజు నుంచి షఫీతో నేను మాట్లాడలేదు. ఏడాది దాటింది.

నిన్న వాడు ఒంటరిగా రాలేదు. సుమయాను వెంటబెట్టుకుని వచ్చాడు. గడ్డం పెంచాడు, చిక్కాడు. నేను కూర్చోమనలేదు. సుమయా స్టూలు జరిపితే కూర్చున్నాడు.

"మన్నించు భయ్యా. నీ నోటి నుంచి ఆ మాట రాకుండా నేను వెళ్ళలేను" అన్నాడు.

"ఆమెకు మాటిచ్చావు, నిలబెట్టుకున్నావు. ఇంకేం కావాలి నీకు?"

"మాట తప్పాల్సింది. ఆ సోడా చూసినప్పుడే తప్పాల్సింది. ఇంకాసేపాగితే తేరుకుంటుంది, సాయంత్రందాకా నెట్టుకొస్తుంది, ఆవిడ ఉపవాసం ఆవిడకి దక్కుద్ది అనుకున్నా. అందరి ముందూ రెండోసారి నోట్లో పెట్టించుకోవడం ఆవిడకి ఇష్టం లేదు భయ్యా."

"రెండోసారి పెట్టి ఉంటే బతికేది."

"బతికేది" అన్నాడు. "ఆ మాట రోజూ అనుకుంటున్నా. కానీ ఆవిడ ఎవరికి భయపడి దాచింది? నాకా?"

"చాచా, ఊరుకో" అంది సుమయా.

"ఊరుకునే ఇంత దాకా తెచ్చుకున్నానమ్మా." వాడు నా వైపు తిరిగాడు. "వంటింట్లో నాతో ఏమందో నీకు చెప్పలేదు. నీ మీద కోపంతో చెప్పట్లేదు ఇప్పుడు. దాచిపెట్టుకుని అక్కడికి వెళ్ళలేక చెప్తున్నా. 'ఇరవై పోయాయి షఫీ, ఇది మూడోది. రెండు మా ఇంట్లోనే ఉన్నాను, మీ అన్నయ్య పక్కనే తిరిగాను, ఆయనకి తెలియనే లేదు' అంది. నవ్వుతా అంది."

పండుగ ఆదివారం. తర్వాతి ఆదివారం పార్కు. ఆ మధ్య రోజుల్లోనే ఆ రెండూ. ఒకరోజు చేపల పులుసు వండింది. ఇంకోరోజు వంకాయ. పులుసులో ఉప్పు తగ్గిందని నేను అన్నాను. రుచి చూడకుండా వండి ఉంటుంది. ఆమె ఎక్కడ కూర్చుని తిన్నదో గుర్తు చేసుకోవడానికి చూశాను. నా కంచం గుర్తుంది.

"ఆ రెండూ నీ లెక్కలోకి రావు. మూడోది నీదే" అన్నాను.

వాడు స్టూలు మీంచి కిందికి దిగాడు. నా కాళ్ళకేసి చెయ్యి చాచాడు.

"పట్టుకోకు. పట్టుకుంటే నేను లాక్కోవాల్సొస్తుంది" అన్నాను.

వాడి చెయ్యి నేల మీద ఆగింది. సుమయా వచ్చి భుజం పట్టి లేపింది. లేపాక నా వైపు చూసింది. పెళ్ళయ్యాక ఎన్నడూ నాకు ఎదురు చెప్పని పిల్ల.

"అబ్బాజాన్, ఒకటి అడుగుతాను. చాచా గ్లాసు జరిపాడు, తప్పే. అది మీ ముందరే జరిపాడు. అరగంట ఆ గ్లాసు మీ పక్కనే ఉంది. రంజాన్‌లో వద్దన్నా నోట్లో పెట్టినవాళ్ళు, ఆ రోజు ఎందుకు పెట్టలేదు?"

నేను గడియారం వైపు చూశాను.

"అమ్మ చెయ్యి వణుకుతోందని మీకు కనపడలేదా?"

"వాడి రైలు వేళవుతోంది. కదలమను" అన్నాను.

షఫీ గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆగాడు. "ఆ మాట అనకపోయినా ఫర్వాలేదు భయ్యా. తల ఊపినా చాలు" అన్నాడు.

నేను ఊపలేదు. వాడు వెళ్ళాడు. రెండు రోజులు ఉంటానని వచ్చిన సుమయా సంచి కూడా విప్పకుండా వాడి వెనకే వెళ్ళింది. అది రాగానే పొయ్యి మీద పెట్టిన టీ నీళ్ళు ఇగిరిపోయాక నేనే దించాను.

నేను మన్నించలేదు. వాడు యాత్రకు వెళ్తాడో మానుకుంటాడో వాడి ఇష్టం. నా కూతురు అడిగినదానికి నా దగ్గర జవాబు ఉందో లేదో ఎవరికీ అక్కర్లేదు. చెప్పాల్సింది ఇక్కడితో చెప్పేశాను. ఇకమీదట ఈ ఇంట్లో గానీ, షాపులో గానీ, మసీదు మెట్ల మీద గానీ ఎవరు అడిగినా ఈ సంగతి నేను మాట్లాడను.