బుజ్జమ్మ తోక

కోడలు చొక్కాగుడ్డ మీద కత్తెర పెట్టి నొక్కింది. అది కోయకుండా నమిలింది. దర్జీ ఇంట్లో కత్తెర మొద్దుబారిందంటే, ఎవరో దానితో గుడ్డ కానిదేదో కోశారన్నమాటే. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

ముందుగా అనుమానం మొగుడి మీదకు పోయింది. తీగ ముక్కయినా, అట్టపెట్టె అయినా, చివరికి కాలిగోరయినా చేతికి దొరికినదానితో కోసిపారేసే మనిషి అతను. నిలదీస్తే, తనకేమీ తెలియదని ఒట్టేసి మరీ చెప్పాడు. ఒట్టెయ్యమని అడగకుండానే వేశాడు కాబట్టి అనుమానం ఇంకాస్త ముదిరింది. ఆమె తీరే అంత. కూరగాయలవాడు పలకరింపుగా నవ్వినా తూకం వైపు ఓ కన్నేసి ఉంచుతుంది. అలాగని ఆమెను తప్పుపట్టడానికీ లేదు, అప్పుడప్పుడూ ఆ అనుమానం నిజమై కూర్చుంటుంది మరి.

ఈమధ్య ఆమె అనుమానాలన్నీ పెరట్లో కోళ్ల చుట్టూనే తిరుగుతున్నాయి. అద్దె కొంపలో కోళ్లగూడు పెట్టుకోనిచ్చిందే గొప్ప. మేడ మీదుండే ఓనరు దానికీ ఒక షరతు పెట్టాడు. పెట్టలైతే సరే, పుంజు కూత ఒక్కసారి నా చెవిన పడిందా, గూటితో సహా అన్నీ బయటికే అన్నాడు. ఆయనకు రాత్రంతా నిద్ర పట్టదు, పట్టే కాస్తా తెల్లవారుజామునే పడుతుంది. కోడిపిల్లల్ని అమ్మినవాడేమో అన్నీ పెట్టలేనని గుండె మీద చెయ్యేసుకుని చెప్పాడు. అరచేతిలో పట్టేంత పిల్లను పైపైన చూసి ఆడో మగో చెప్పడం వాడి తరం కాదు, వాడి తాత తరమూ కాదని అత్తగారు ఆ తర్వాత తీరిగ్గా చెప్పింది.

అత్తగారికి కోళ్ల వ్యవహారం కొట్టినపిండి. పిల్లలు కాస్త ఎదిగాక కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని గుర్తులన్నీ నేర్పింది ఆవిడే. పుంజుపిల్లకు తల మీది జుట్టు తొందరగా ఎర్రబారుతుంది. కాళ్లు దిట్టంగా ఉంటాయి. అన్నిటికంటే నమ్మదగ్గది తోక మొదట్లో, నడుము మీద ఉండే ఈకలు. పెట్టకు అవి గుండ్రంగా ఉంటాయి, పుంజుకు మొన తేలి కిందికి జారతాయి. పొగరు చూసి మాత్రం పుంజనుకోవద్దు, పెట్టల్లోనూ గయ్యాళులుంటాయి అని నవ్వింది.

అలాంటి మనిషి ఓ రోజు నల్లపిల్లను చూపించి, "దాని నడక చూడు, ముమ్మాటికీ పుంజే" అంది.

నల్లది రౌడీదే, కాదనడానికి లేదు. తోటి పిల్లల్ని నూకల దగ్గరికి రానిచ్చేది కాదు, మొగుడి చెప్పులు కనబడితే పొడిచేది. ఎక్కడ కూస్తుందో, ఎక్కడ గూడు పోతుందో అన్న కంగారులో కోడలు ఈకలు చూడటం కూడా మరచిపోయింది. దాన్ని సంచిలో పెట్టుకుని వెళ్లి గుండీల కొట్టావిడకు ఇచ్చేసింది. కొట్టావిడది సొంతిల్లు, పుంజు కూస్తే అడిగే దిక్కు లేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు దారపుండల కోసం ఆ కొట్టుకు వెళితే, కొట్టావిడ గుండీల డబ్బాల వెనక నుంచి ఒక గుడ్డు తీసి గాజుబల్ల మీద పెట్టింది.

"మీ పుంజు పెట్టిందండీ" అంది నవ్వు ఆపుకుంటూ.

ఆ గుడ్డు పట్టుకుని ఇంటికొస్తున్నంతసేపూ కోడలి బుర్ర గిర్రున తిరుగుతూనే ఉంది. నడక చూసి నమ్మొద్దని నేర్పిన మనిషే నడక చూసి తీర్పు ఎలా చెప్పింది? పొరపాటా? కోళ్ల విషయంలో ఆవిడ పప్పులో కాలేయడమా? కానే కాదు, కావాలనే చెప్పింది. గుడ్డు పెట్టబోయే పెట్టను పనిగట్టుకుని ఇల్లు దాటించిందంటే, దాని వెనక ఇంకేదో ఉంది.

ఇక అక్కడి నుంచి అన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. బుజ్జమ్మ సంగతే తీసుకోండి. గోధుమరంగు పిల్ల, పగలంతా అత్తగారి ఒళ్లోనే మకాం. ఆ పేరు పెట్టింది కూడా అత్తగారే. పేలు పట్టాయని దాని తలకు రోజూ బూడిద రాస్తుంది. గూట్లో ఇంకెవరికీ లేని పేలు దానికొక్కదానికే ఎలా పట్టాయట? పొద్దుగూకితే దాన్ని గూట్లోకి పోనివ్వదు. తన గదిలో గంప కింద మూసి, గంప మీద గోనెపట్టా, ఆ పైన దుప్పటి. పాపం, చలికి తట్టుకోలేదంటుంది.

పైగా ఆ దగ్గొకటి. పగలంతా లేని దగ్గు తెల్లవారేసరికి ఎక్కణ్ణుంచో ఊడిపడుతుంది, మేడ మీదికి వినబడేంత దగ్గు. కొడుకు సీసాలకు సీసాలు మందు తెచ్చినా తగ్గలేదు. నా కోడలు నన్ను సరిగ్గా చూడటం లేదని కొడుక్కి చాటింపు వేయడానికే ఈ దగ్గని ఇన్నాళ్లూ కోడలు అనుకుంది. అలా అనుకోవడానికి ఆమె దగ్గర కారణం ఉంది. బడి యూనిఫారాలు నెత్తి మీద పడి ఊపిరాడని రోజున, తోటికోడలికి ఫోన్ చేసి, అత్తయ్యను ఓ ఆర్నెల్లు మీ దగ్గర ఉంచుకో అక్కా అని అడిగింది. ఆ మాట అత్తగారి చెవిన పడిందేమోనన్న అనుమానం అప్పటి నుంచీ ఆమెను తినేస్తూనే ఉంది.

ఇంటికొచ్చి చూస్తే మిషను మీద కత్తెర లేదు. చెప్పులు గుమ్మం దగ్గరే విడిచి, చప్పుడు చేయకుండా పెరటి వైపు నడిచింది.

అత్తగారు మెట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్లో బుజ్జమ్మ, చేతిలో కత్తెర. కొంకర్లు పోయిన వేళ్లతో ఎంతో కష్టపడి, బుజ్జమ్మ నడుము మీది ఈకల మొనల్ని గుండ్రంగా కత్తిరిస్తోంది. ముక్కలన్నీ చీర మీద రాలి ఉన్నాయి.

ఆ కత్తెర అసలు అత్తగారిదే. వేళ్లు మాట వినక మిషను దిగిన రోజున కోడలి చేతిలో పెట్టి, గుడ్డ తప్ప దీనితో ఇంకేది కోసినా నన్ను కోసినట్టేనని చెప్పింది. అలాంటి మనిషి చేతిలో ఇప్పుడు అదే కత్తెర.

కోడలు వంగి బుజ్జమ్మ తలను బొటనవేలితో తుడిచింది. బూడిద కింద జుట్టు మిరపపండులా ఎర్రగా ఉంది.

అత్తగారు బుకాయించలేదు. జుట్టు ఎర్రబడ్డప్పుడే తెలిసిందని చెప్పింది. కూత మొదలుపెట్టినప్పటి నుంచీ అది కూసినప్పుడల్లా తాను దగ్గుతున్నానంది. ఒక పుంజును పంపించేశామనుకుంటే నీ అనుమానం తీరుతుందనుకున్నాను, అందుకే నల్లదాన్ని చూపించాను, పాపం దాని తప్పేమీ లేదు అంది.

"ఇదొక్కదాని కోసం మిగతావన్నీ పోతాయని తెలియదా అత్తయ్యా?" అంది కోడలు. "గుడ్డు పెట్టేదాన్ని పంపించి, దీన్ని ఉంచుతారా?"

అత్తగారు ఒళ్లోని ఈక ముక్కలు ఒక్కొక్కటే ఏరింది.

"ఇది గుడ్డు పెట్టదు, మేత దండగ. తెలుసమ్మా" అంది. "అలాంటివాళ్లను ఆర్నెల్లకని చెప్పి పంపించేస్తారు. తిరిగి పిలుస్తారో లేదో ఎవరు చూడొచ్చారు?"

కోడలికి తల కొట్టేసినట్టయింది. పని ఒత్తిడిలో అన్నాను, మళ్లీ ఆ మాటే ఎత్తలేదు అని చెప్పబోయింది. అది నిజమే. కానీ ఆ మాట కంటే ముందు ఏడుపు వచ్చేసింది. మనిషిని దగ్గర కూర్చుని ఒక్క మాట అడగకుండా, ఇన్నాళ్లూ ఆవిడ దగ్గుకు కూడా లెక్కలు వేసిన తన బుద్ధి మీద తనకే అసహ్యం వేసింది.

మెట్టు మీద అత్తగారి పక్కనే కూలబడి, కత్తెర తన చేతిలోకి తీసుకుంది.

"మెట్లు మెట్లుగా కోశారు. ఇలాగైతే ఎవరికైనా తెలిసిపోతుంది" అంది కళ్లు తుడుచుకుంటూ. "పట్టుకోండి దాన్ని."

చొక్కా కాలరు తిప్పినంత శ్రద్ధగా ఈకలు గుండ్రంగా కత్తిరించడం మొదలుపెట్టింది. అత్తగారు ఆమె ముఖంలోకి అనుమానంగా చూసింది, తర్వాత ఈకల వైపు చూసింది, ఆ తర్వాత బుజ్జమ్మ కాళ్లు గట్టిగా పట్టుకుంది.

పట్టపగలు, ఆ ఒళ్లోనే, బుజ్జమ్మ మెడ సాచి గొంతెత్తి కూసింది.

మేడ మీద కిటికీ రెక్క దభాలున తెరుచుకుంది. ఏమిటా చప్పుడని ఓనరు గొంతు వినబడింది. అత్తగారికి రోజూ వచ్చే దగ్గు ఆ క్షణాన భయంతో రాలేదు.

కోడలు బుజ్జమ్మను కొంగు కిందికి లాక్కుని, గొంతు చిరిగిపోయేలా దగ్గింది. మళ్లీ దగ్గింది. కిటికీ వైపు తలెత్తింది.

"దగ్గండీ!" అని అరిచింది. "అత్తయ్యది నాకూ అంటుకుంది."

అత్తగారు ఆమె వీపు నిమరడం మొదలుపెట్టింది.