మొదటి రోజు స్కోరు

ప్రభాకర్‌కు ఏ అంకె చెప్పినా ఓట్ల లెక్కలోనే వినబడుతుంది. చేవెళ్ల దగ్గర తమ ఊళ్లో సర్పంచి పదవికి నిలబడి సగానికి నాలుగు తక్కువ ఓట్లతో ఓడిపోయాడు. దాన్ని ఇప్పటికీ "గెలిచినట్టే" అంటాడు.

అతని అన్న జితేందర్‌ను సోమవారం మొయినాబాద్‌లో నేను నర్సుగా చేసే దవాఖానకు తెచ్చారు. ఏళ్ల తాగుడుకు కాలేయం ముందే గట్టిపడింది. కళ్లు పచ్చబడితే పది రోజులు పసరు తాగించింది ప్రభాకరే. ఉన్నట్టుండి పొట్ట ఉబ్బి, మాట తడబడ్డాక గానీ మేం గుర్తుకు రాలేదు.

డాక్టర్ సందీప్ రక్తపరీక్షల అంకెలు ఫోన్‌లో కొట్టి చూశారు.

"కాలేయం స్కోరు ముప్పై ఒకటి. ఎంత పెరిగితే అంత ప్రమాదం. మూడు నెలలు బతికే అవకాశం సగం."

"సగమే అంటే పోయినట్టే గద సార్!" అన్నాడు ప్రభాకర్.

తనకొస్తే సగం గెలుపు, అన్నకొస్తే సగం చావు.

మంగళవారం వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఫ్లెక్సీ షాపుకు ఫోన్ చేశాడు. "మల్లేశన్నా, శ్రద్ధాంజలి ఫ్లెక్సీ ఒకటి తయారు పెట్టు. నా ఫొటో జర పెద్దగ రావాలె. అన్నది మూలకు పెట్టినా సరిపోతది."

ఫోన్ పెట్టేసి నన్ను పిలిచాడు. "సిస్టర్, ఆదివారం దాక ఆగుతడా? ఆ రోజైతే లీడర్లందరు ఖాళీగుంటరు."

"సెలైన్ సీసా మార్చాలన్నా" అని వార్డులోకి నడిచాను. దాన్ని మర్యాద అనుకున్నాడు.

శుక్రవారం ఒక కాగితం పట్టుకొచ్చి జితేందర్ భార్య సమత ముందు పెట్టాడు. మా ఇష్టంతోనే ఇంటికి తీసుకుపోతున్నామని రాసి ఉంది.

"సంతకం పెట్టు వదినా. మనిషి సొంతింట్ల పోవాలె. డాక్టరే సగమన్నడు."

డాక్టర్ గారు ఫోన్‌లోకి తల దించారు. ఆయనకు స్కోరు కంటే లీడర్ల తెల్లచొక్కా అంటే ఎక్కువ భయం. సమత పెన్ను తీసుకుంది.

"అక్కా, పొద్దుటి రిపోర్టు వచ్చింది" అన్నాను. "స్కోరు ఇరవై ఐదుకు దిగింది."

"నువ్వేమన్న డాక్టరువా?" అన్నాడు ప్రభాకర్.

"కాదన్నా. తీసివేత మా ఊరి బళ్లె నేర్పిండ్రు."

"దిగితే మంచిదేనా చెల్లె?" అంది సమత.

"మంచిదే అక్కా. మొదటి రోజు అంకె కన్న, మందులు పడ్డంక వచ్చే అంకెనే ఎక్కువ నమ్మాలె. బతుకుతడని మాటియ్యలేను. ఇంటికి తీస్కపోతే మాత్రం మందులు ఆగిపోతయి."

"కరెక్టే" అన్నారు డాక్టర్ గారు, ఇప్పుడే గుర్తొచ్చినట్టు.

ప్రభాకర్ ముఖం మాడింది. "ఊరంత చెప్పిన వదినా, అన్న పోతడని! నా ఇజ్జత్ ఏం గావాలె?"

"నీ ఇజ్జత్ కోసం మనిషిని సంపుకోవాల్నా?" సమత పెన్నుకు మూత పెట్టింది. "పసరు పోస్తుంటె గూడ నిన్నే నమ్మిన. ఇంటికి పోవాలంటే నువ్వు పో."

కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. మెట్ల దగ్గర ఎవరికో ఫోన్‌లో, తానే ఆలోచించి అన్నను ఇక్కడే ఉంచినట్టు చెబుతున్నాడు.

సమత మంచం పక్కకు స్టూలు జరుపుకుంది.

"మల్ల రక్తం ఎప్పుడు తీస్తవు?"

"రేపు పొద్దున."

"ఎంతొచ్చినా సరే, ముందుగాల నాకే చెప్పు చెల్లె."